పొన్నూరోడికి కారు పడదు

నాకు కుక్కలంటే పెద్ద ఇష్టం ఉండేది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు మా వీధిలో ఎవరినడిగినా వేరేలా చెబుతారు.

కిందటేడు చలికాలం చివర్లో పొన్నూరులో మా తమ్ముడింటికి వ్రతానికి వెళ్ళాం. పొన్నూరు నా పుట్టిల్లు. వాళ్ళ పెరట్లో గడ్డివామి పక్కన ఒక వీధికుక్క అయిదు పిల్లల్ని పెట్టింది. నాలుగింటిని ఊళ్ళోవాళ్ళు తీసుకుపోయారు. మిగిలిన ఒక్కటి, ఒక చెవి నిలబెట్టి ఒక చెవి వాల్చి, నేను చెయ్యి కడుక్కుంటుంటే వచ్చి నా పాదం మీద కూర్చుంది. కాలు లాక్కుంటే బోర్లా పడుతుందని లాక్కోలేదు. ఆ మొహమాటమే నా కొంప ముంచింది.

"దీన్నెవరూ అడగట్లేదక్కా. రేపో ఎల్లుండో రైసు మిల్లు దగ్గర వదిలేస్తా. నూకలు తిని బతుకుద్ది," అన్నాడు మా తమ్ముడు.

ఆ మిల్లు నాకు తెలుసు. పొద్దస్తమానం లారీలు ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటాయి. నా రెండు చేతుల్లో పట్టేంత పిల్ల అక్కడ ఎన్ని రోజులుంటుంది? "నేను తీసుకెళ్తాన్లే," అనేశాను. అన్నాక వెనక్కి తిరిగి చూస్తే మా అత్తగారు నిలబడి ఉన్నారు.

ఆవిడ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. మేముండేది గుంటూరులో, మా ఆయనకి మిర్చి యార్డులో కమీషను కొట్టు. పొలం మాత్రం దర్శి అవతల, రెండున్నర గంటల దారి. మిరప ఒకవైపు, పత్తి ఒకవైపు. కోతల కాలంలో ప్రతి ఆదివారం ముగ్గురం కారులో అక్కడికి వెళ్తాం. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయలు సరిగా ఎండాయో లేదో చెయ్యి పెట్టి చూసుకోందే మా అత్తగారికి వారం గడవదు. మా ఆయన నడుపుతారు. ముందు సీటు ఆవిడది. అది ఎవరూ ఆవిడకి రాసివ్వలేదు, ఎవరూ అడగనూ లేదు. నేను వెనక కూర్చుంటాను.

నేను వెనక కూర్చోవడానికి ఒక చరిత్ర ఉంది. ముప్పై ఏళ్ళ కిందట పెళ్ళి జీపులో పొన్నూరు నుంచి అత్తారింటికి వస్తూ దారిలో మూడు చోట్ల కక్కాను. కొత్త చీరా, కొత్త మొగుడూ రెండూ తడిశాయి. దారి పొడుగునా మా అత్తగారు నా ముక్కు దగ్గర నిమ్మకాయ పట్టుకుని కూర్చున్నారు. ఆ మేలు నేను మర్చిపోను. కాని ఊళ్ళో జీపు ఆగీ ఆగగానే, హారతి పళ్ళెంతో నిలబడ్డ ఆడవాళ్ళందరికీ వినబడేట్టు, "పిల్ల బంగారమే గానీ ప్రయాణాలు పడవు," అని చాటారు. అంతే, ఆ ముద్ర పడిపోయింది. పెళ్ళయిన ఏడాదిలోపే నాకు ఆ వికారం దానంతటదే పోయింది. ముద్ర మాత్రం పోలేదు. తిరుపతికి పోతే నేను ఇంటికి కాపలా. తప్పనిసరై ఎక్కితే, "వెనక కూర్చో అమ్మాయ్, అక్కడైతే ఎవరికీ ఇబ్బంది ఉండదు," అని చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ. ముప్పై ఏళ్ళలో నేను మోసిన ఖాళీ సంచులతో ఒక కిరాణా కొట్టు నడపొచ్చు.

ఇప్పుడు పొన్నూరు నుంచి వస్తూ చేబ్రోలు దాటకముందే కుక్కపిల్ల నా ఒళ్ళో కక్కింది. అత్తగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరగను కూడా తిరగలేదు.

"మీ పొన్నూరోడు కక్కాడా?" అన్నారు.

అలా వాడికి ఆ పేరు స్థిరపడిపోయింది. ఆ ఊరి సరుకే అంత అన్న ముక్క ఆవిడ పైకి అనలేదు. అననక్కర్లేదు కూడా.

ఆ తర్వాతి ఆదివారం వాణ్ణి పొలానికి తీసుకెళ్ళాం. ఇంట్లో ఒంటరిగా వదిలితే పొద్దున్నుంచి రాత్రిదాకా ఏడుస్తాడు, పక్కింటి వాళ్ళు ఊరుకోరు. యడ్లపాడు దగ్గర కక్కాడు. మళ్ళీ మార్టూరులో, మళ్ళీ అద్దంకిలో. తిరుగు ప్రయాణంలో అవే ఊళ్ళు, వరస మారిందంతే. ఇంటికొచ్చి కారు దిగి, చెప్పులు విడవకుండానే అత్తగారు తీర్పు చెప్పారు.

"నాలుగు ఆదివారాలు చూస్తా అమ్మాయ్. నాలుగో ఆదివారం కూడా కక్కాడంటే మీ తమ్ముడొచ్చి తీసుకుపోవాల. ఈ కారులో కక్కేవాళ్ళకి చోటు లేదు."

మా ఆయన కారుకేసి చూసి తల ఊపారు. ఆ కారు కొని రెండేళ్ళయింది, సీట్లమీద షోరూములో వేసిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. తీస్తే పాతదైపోతుందని ఆయన భయం.

నేను పైకి సరేనన్నాను. అప్పటికి వాడొచ్చి పది రోజులు. పొద్దున నేను కాఫీ కలుపుతుంటే వచ్చి పాదం మీద కూర్చునేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో అందరూ వాళ్ళవైపు వాళ్ళే. మొదటిసారి నా వైపు నుంచి ఒకడొచ్చాడు. వాణ్ణి కక్కుతున్నాడని పంపించేస్తే నన్ను పంపించినట్టే నాకు అనిపించింది. నవ్వినా సరే, అలాగే అనిపించింది.

మొదటి వైద్యం అత్తగారిదే. తీర్పు చెప్పిన జడ్జిగారే మందు కూడా ఇచ్చినట్టు, శనివారం సాయంత్రం వాడికి దిష్టి తీశారు. గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు మూడుసార్లు తిప్పి పెరట్లో నీళ్ళ పొయ్యిలో వేశారు. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. నాకు గుర్తున్నంతవరకూ మా ఇంట్లో ఏ ఒక్కసారీ ఘాటు రాలేదు. జిల్లాలో సగం మంది మా మీద పడి ఏడుస్తున్నారని అత్తగారి నమ్మకం. ఏడవడానికి మా దగ్గరేముందో నాకిప్పటికీ తెలియదు. దిష్టి తీసినప్పుడల్లా పక్కింటివాళ్ళు కిటికీలు టపటపా వేసుకునేవాళ్ళు. అదీ ఓర్వలేకే అనుకునేవాళ్ళం.

"చూడు, ఇసుమంత ఘాటు లేదు. ఎంత దిష్టి పట్టిందో ఈడికి," అన్నారు ఆవిడ. పొన్నూరోడు పొయ్యి దగ్గర్నుంచి వీధి గేటుదాకా ఒక్క పరుగు తీశాడు. "దిగింది. అందుకే ఆ హుషారు," అన్నారు.

ఆదివారం చిలకలూరిపేటలో కక్కాడు. కిందటిసారి యడ్లపాడు కాబట్టి దిష్టి వల్ల ఒక ఊరు లాభం అని తేలింది. అప్పటినుంచి మా ఇంట్లో ఏ వైద్యం గొప్పదన్నది ఊరి పేరుతోనే కొలిచేవాళ్ళం.

రెండో వారం నేను పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మంచి మనిషి. "ఒక వయసు దాకా పిల్లలకి ఇది మామూలేనమ్మా. ప్రయాణానికి ముందు నాలుగు గంటలు ఏం పెట్టకండి. ఆగి ఉన్న కారులో రోజూ కాసేపు కూర్చోబెట్టండి, ఏదైనా ఇష్టమైంది తినిపించండి. రెండు రోజులయ్యాక ఇంజను ఆన్ చెయ్యండి, తర్వాత వీధి చివరిదాకా తిప్పండి. కారంటే భయం పోవాల," అన్నారు. బయటికొచ్చి మా కారు తలుపు తీసి తల లోపల పెట్టి చూసి, "గాలీ వెలుతురూ బాగానే ఉన్నాయి," అని కూడా అన్నారు. ఆయనది సత్తెనపల్లి పక్క ఊరు. వాళ్ళకీ మిరప పొలమే. ఇది ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

ఆ సోమవారం నుంచి సాయంత్రం పూట నేనూ పొన్నూరోడూ మా గేటు ముందు ఆపిన కారులో వెనక సీట్లో కూర్చునేవాళ్ళం. నా చేతిలో ఉడకబెట్టిన గుడ్డు ముక్కలు. వాడు ప్లాస్టిక్ కవరు మీద జారుతూ లేస్తూ, చొంగ కారుస్తూ, గుడ్డు వైపు చూసి మొహం తిప్పుకునేవాడు. మామూలుగా గుడ్డు పెంకు కూడా వదిలే రకం కాదు.

వీధిలో పోయేవాళ్ళు ఆగేవాళ్ళు. "ఎక్కడికండీ ప్రయాణం?"

"ఎక్కడికీ లేదండీ."

అరగంట తర్వాత వాళ్ళే కూరగాయలు కొనుక్కుని తిరిగొచ్చేవాళ్ళు. నేను అక్కడే ఉండేదాన్ని. మూడో రోజుకి వీధంతా ఒక కథ తయారైంది. అత్తాకోడళ్ళకి పడలేదట, కోడలు పుట్టింటికి పోతానని కారెక్కి కూర్చుందట, నడిపేవాళ్ళు లేక ఆగిపోయిందట. నాలుగో రోజు పక్కింటావిడ గేటు బయటే నిలబడి, "మనసు బాగోకపోతే మా ఇంటికి రండక్కా, కాఫీ తాగుదాం," అంది. వాళ్ళది విజయనగరం. ఆయనకి బ్యాంకులో బదిలీ అయి ఏడాది కిందటే మా పక్కకి వచ్చారు. పాపం మంచిపిల్లే, కాని మా ఇంటి గుమ్మం దాటి ఎప్పుడూ లోపలికి రాదు. కొంచెం పొగరేమో అనుకునేదాన్ని.

ఆదివారం ఖాళీ కడుపుతో బయల్దేరినా మళ్ళీ చిలకలూరిపేటే. లోపల ఏమీ లేదు కాబట్టి పసరు కక్కాడు. డాక్టరుగారికీ దిష్టికీ సరిసమానం అయింది. అత్తగారికి లోపల సంతోషమేసింది, నాకు తెలుసు.

మూడో వారం మా ఆయన రంగంలోకి దిగారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. "మీరు అద్దాలు దించి దుమ్మంతా పీలుస్తున్నారు, అందుకే వాడికి తిప్పుతోంది. అద్దాలన్నీ ఎక్కించి ఏసీ ఫుల్లుగా పెడితే హాయిగా నిద్రపోతాడు," అన్నారు. అద్దాలు ఎక్కించాం. ఏసీ ఫుల్లుగా పెట్టాం. యడ్లపాడు కాదు గదా, గుంటూరు బైపాసు కూడా దాటలేదు. ఈసారి వాడు నా ఒళ్ళోంచి ముందుకు దూకి, రెండు సీట్ల మధ్య తల పెట్టి, అత్తగారి చీరాల చీర కుచ్చిళ్ళ మీద కక్కాడు. అత్తగారు కారు ఆపించి, తువ్వాలుతో కుచ్చిళ్ళు తుడుచుకుని, ఫోను తీసి మా తమ్ముడికి చేశారు.

"ఏం నాయనా, బాగున్నారా? పై సోమవారం నీకు వీలవుద్దా, ఇట్టా వచ్చిపో. నీ కుక్కని తీసుకుపోదువు గాని."

మా తమ్ముడు అవతలనుంచి ఏమన్నాడో వినపడలేదు. ఏమంటాడు, మిల్లు ఉండనే ఉంది. నేను దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కోపం వస్తే నేను అరిచే మనిషిని. ఆ రోజు అరవలేదు, ఏడుపొచ్చింది. వాడు నా పాదం మీద తల పెట్టుకుని వణుకుతూ పడుకున్నాడు.

రాత్రి ఇల్లు చేరాక అత్తగారికి కూడా మనసులో ఏదో పీకినట్టుంది. "వారమంతా బాగోలేదు. అందరికీ కలిపి దిష్టి తీస్తాను, రండి," అన్నారు. చినుకులు పడుతున్నాయని పెరట్లో కాకుండా వంటింట్లోనే, గ్యాసు మీద పాత మూకుడు పెట్టి అందులో వేశారు మిరపకాయలు. నేనూ మా ఆయనా వరసలో నిలబడ్డాం. పొన్నూరోడు నా కాళ్ళ దగ్గర.

"ఉందా ఘాటు? లేదు. ఏవీ లేదు," అన్నారు అత్తగారు, మూకుడు మీదికి వంగి గట్టిగా గాలి పీల్చి. మా ఆయనా పీల్చి, లేదన్నారు. నేనూ పీల్చాను. లేదు.

కింద పొన్నూరోడు తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. వరసగా తొమ్మిది తుమ్ములు తుమ్మి, ముందుకాళ్ళతో ముక్కు రుద్దుకుని, కళ్ళనిండా నీళ్ళతో నావైపు చూసి, వంటింటి గచ్చు మీద కక్కాడు. అదే సమయానికి పక్కింటి కిటికీలు టపటపా మూసుకున్నాయి.

కారు బయట ఉంది, వాడు లోపల ఉన్నాడు. కదిలింది ఏదీ లేదు. నేను మూకుడు వైపు చూశాను, వాడి వైపు చూశాను, మూసుకున్న కిటికీ వైపు చూశాను. చెప్పులేసుకుని నేరుగా పక్కింటికి వెళ్ళాను.

"నిజం చెప్పు. మా ఇంట్లో నీకేమైనా వాసన వస్తుందా?"

ఆ పిల్ల కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే ఉంది. "ఏమీ అనుకోకండి అక్కా. మీ గుమ్మంలో అడుగు పెడితే నాకు ఒకటే తుమ్ములు, గొంతు మంట. అందుకే గేటు దగ్గరే మాట్లాడేసి వచ్చేస్తాను. మీరు దిష్టి తీసిన రోజు మా పిల్లలు అన్నం తినరు."

ఆ పిల్లని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మా కారు తలుపు తీశాను. లోపలికి వంగబోయి, చెంప మీద కొట్టినట్టు వెనక్కి వచ్చేసింది. "అక్కా, దీంట్లో ఎలా కూర్చుంటున్నారు?" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

కారు వెనక డిక్కీలో మా ఆయన యార్డుకి తీసుకెళ్ళే మిరపకాయల శాంపిలు సంచులు ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి. సీజనులో అయితే రెండు గోతాలు కూడా. డిక్కీకీ వెనక సీటుకీ మధ్య ఉన్నది ఒక అట్ట. ఆ సీట్లో వాడు కూర్చునేది. ఎండలో కారు వేడెక్కుతుంది, ఏసీ వేస్తే ఆ దుమ్మంతా సుడి తిరుగుతుంది. అది ఇంత పని చేస్తున్నదని మాలో ఒక్కరికీ తెలియదు. మా ఆయనవీ అత్తగారివీ మిరపకాయల్లో పుట్టి మిరపకాయల్లో పెరిగిన ముక్కులు. నాదీ కాపురానికొచ్చిన ఏడాదికే అలాగే మొద్దుబారింది. డాక్టరుగారిదీ ఆ జాతి ముక్కే.

మా ఆయన ఒప్పుకోలేదు. "మిరపకాయకి వాసనేంటి? కాయ పాడైతే వస్తుంది వాసన, మంచికాయకి ఉండదు," అన్నారు. డిక్కీ తీసి, ఒక సంచీ మూతి విప్పి, అందులో మొహం మొత్తం పెట్టి గుండెలనిండా పీల్చారు. తల బయటికి తీసి, "చూశావా? ఏం లేదు," అన్నారు. మీసాలకి రెండు గింజలు అంటుకున్నాయి. పక్కింటావిడ అప్పటికే వాళ్ళ గేటు దాటి లోపలికి పారిపోయింది.

అత్తగారు మాత్రం మూకుడు చేత్తో పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డారు. ఇన్నేళ్ళుగా ఎవరూ మా మీద ఏడవలేదని తెలిస్తే ఎవరికైనా కష్టమే.

"నాలుగో ఆదివారం ఇంకా ఉందిగా అత్తయ్యా," అన్నాను.

"ఉంది. ఉంటే ఉండనీ," అన్నారు.

మర్నాడు నేనే కారు పని పట్టాను. సంచులన్నీ దింపించి, ఇక నుంచి యార్డుకి ఆటోలో పంపాలని షరతు పెట్టాను. సీట్ల కవర్లు నా చేత్తో చించాను. అవి చిరిగే చప్పుడుకి మా ఆయన ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు. కాళ్ళ కింద మ్యాట్లు ఎత్తితే గుప్పిళ్ళకొద్దీ మిరపగింజలు. కడిగే షెడ్డు వాళ్ళు రెండుసార్లు నీళ్ళు కొట్టి, ఏసీ గొట్టాలు శుభ్రం చేసి, చివర్లో ముందు అద్దం దగ్గర మల్లెపూల సెంటు డబ్బా ఒకటి వేలాడదీసి ఇచ్చారు.

వాసన పోయినా భయం పోలేదు. ఆ సాయంత్రం పొన్నూరోడు కారుని చూసి గేటు కింద దూరాడు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. తలుపు తీసి, వాకిట్లో కూర్చుని, గుడ్డు ముక్క కారు మెట్టు మీద పెట్టాను. మంగళవారం మెట్టు మీద తిన్నాడు. బుధవారం లోపలికి వచ్చి తిన్నాడు. గురువారం ఇంజను ఆన్ చేస్తే చెవులు నిలబెట్టాడు, రెండోది కూడా. శుక్రవారం మా ఆయనని బతిమాలి వీధి చివరిదాకా తిప్పించాను. శనివారం నా ఒళ్ళో నిద్రపోయాడు. వీధిలోవాళ్ళు మాత్రం, "పాపం, ఈ వారం కూడా ఎవరూ తీసుకెళ్ళలేదు," అనుకుంటూ పోయారు.

నాలుగో ఆదివారం. పొద్దున్నే లేచి ఒక నిమ్మకాయ కోసి డబ్బాలో పెట్టుకున్నాను, వాడి కోసం. ముందు సీట్లో అత్తగారు, ఆవిడ ముక్కుకి జానెడు దూరంలో ఊగుతున్న మల్లెపూల డబ్బా. వెనక అద్దం కిందికి దించి వాడి మూతి గాలికి పెట్టి నేను. యడ్లపాడు వచ్చింది. వాడి నోటివైపే చూస్తున్నాను. చొంగ లేదు. చిలకలూరిపేట వచ్చింది. ఫ్లైఓవరు దిగేటప్పుడు ఊపిరి బిగబట్టాను. వాడు పత్తి లోడు లారీని చూసి మొరిగాడు. ఆ కారులో వాడు మొరగడం అదే మొదలు. నాకు ఆ డ్రైవరుకి దణ్ణం పెట్టాలనిపించింది.

మార్టూరు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా, "ఒరేయ్, ఆపరా," అన్నారు అత్తగారు.

ఆ గొంతు నాకు తెలుసు. ముప్పై ఏళ్ళ కిందట ఆ గొంతు నాది. మా ఆయనకి అర్థం కాక, "ఎందుకమ్మా, టైమవుతోంది," అన్నారు. ఆయన బండి పక్కకి తీసేలోపే జరగాల్సింది జరిగిపోయింది, కడిగించి పెట్టిన మ్యాటు మీద.

నేను దిగి ముందు తలుపు తీసి, ఆవిడ నడుం పట్టుకుని దించాను. రోడ్డు పక్క తుమ్మచెట్టు నీడలో కూర్చోబెట్టి వీపు రాశాను. డబ్బాలోంచి నిమ్మచెక్క తీసి ముక్కు దగ్గర పట్టుకున్నాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. అంత బలమైన మనిషి చెయ్యి అంత తేలిగ్గా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక్క క్షణం ఆవిడ మీద నాకున్న పాత కోపమంతా ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు.

"ఆ మల్లెపూల కంపు. అది తీసి అవతల పారేయండి," అన్నారు కాసేపటికి.

నిమ్మకాయతో ఆవిడకి తగ్గలేదు. పక్కనే ఎవరిదో కళ్ళం. ఎర్రగా ఆరబోసి ఉంది, నలుగురు ఆడవాళ్ళు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. అత్తగారు అటు చూసి, "ఓ అమ్మాయ్, నాలుగు కాయలియ్యి," అని కేకేశారు. వాళ్ళు తెచ్చిచ్చిన ఎండుమిరపకాయలు రెండు విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని, మల్లెపూలు వాసన చూసినట్టు మెల్లగా పీల్చారు. మొహంలోకి రక్తం వచ్చింది. నా పక్కన పొన్నూరోడు ఒక తుమ్ము తుమ్మి నాలుగడుగులు అవతలికి జరిగాడు.

అత్తగారు వాణ్ణి చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఆ జీపు," అన్నారు.

"ఏ జీపు అత్తయ్యా?"

"మీ పెళ్ళి జీపు. పెళ్ళికి ముందు రోజు దాకా దాంట్లో కాయలే తోలాం. నీ సీటు కింద కూడా రెండు సంచులు పెట్టించా, యార్డులో అమ్ముడుపోక మిగిలినయ్యి ఇంటికి చేరతయ్యని." చేతిలోని కాయలు తిప్పుతూ ఉండిపోయారు. "నేనేమో నిమ్మకాయ పట్టుకుని కూర్చున్నా. తెలివి తక్కువ మొద్దుని."

ఆవిడ నోటి వెంట అలాంటి మాట నేను ఎప్పుడూ వినలేదు. "ఎండెక్కుతోంది, పదండి అత్తయ్యా," అన్నాను. మా ఆయన దూరంగా మ్యాటు దులుపుతున్నారు. కక్కేవాళ్ళకి ఈ కారులో చోటు లేదన్న తీర్పు ఆయనకి గుర్తొచ్చినట్టుంది, ఇద్దరివంకా చూసి నోరు మూసుకున్నారు.

కారు దగ్గరికి వచ్చాక అత్తగారు ముందు తలుపు దాటి వెళ్ళి వెనక తలుపు తీశారు. గుప్పెడు మిరపకాయలు కొంగున ముడేసుకుని కిటికీ పక్కన సర్దుకున్నారు.

"నువ్వు ముందు కూర్చో. ఈ కాయలు నాకు కావాల, వాడికి పడవు. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అద్దం దించుకో," అన్నారు. ఆ తర్వాత మా ఆయనతో, "మీ బావమరిదికి ఫోన్ చెయ్యరా. రేపు రానక్కర్లేదని చెప్పు," అన్నారు.

ముందు సీట్లో కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే రోడ్డు ఇంత వెడల్పుగా కనిపిస్తుందని నాకెవరూ చెప్పలేదు. అద్దంకి దాటాం, దర్శి దాటాం. రెండు పక్కలా పత్తి చేలు, ఎర్రటి కళ్ళాలు. పొన్నూరోడు కిటికీ మీద గడ్డం ఆనించి, రెండు చెవులూ గాలికి వదిలేసి, తనదే ఆ దారంతా అన్నట్టు చూస్తున్నాడు.

"ఏమ్మాయ్, వాడు బానే ఉన్నాడా?" అని అడిగారు వెనకనుంచి.

"బానే ఉన్నాడత్తయ్యా."

"మరి నువ్వెందుకు కళ్ళు తుడుచుకుంటన్నావ్?"

"మీ కొంగులో మిరపకాయల ఘాటు," అన్నాను.

తర్వాత వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నా భుజం మీద ఆగింది.

"ముప్పై ఏళ్ళుగా లేని ఘాటు," అన్నారు ఆవిడ, "ఇవ్వాళ వచ్చిందా నీకు?"